ఎడమ తొడ, అలివి తాడు

జువాలజీ మేడమ్ పోయారని నాకు కాశీబుగ్గ చేపల బజారులో తెలిసింది. కవళ్ళు బేరం చేస్తున్నాను. అమ్మే మనిషి ఉద్దానం తీరం నుంచి వచ్చినదే, నన్ను ఏళ్ళుగా ఎరిగినదే. తూకం వేసి, కత్తిపీట ముందు కూర్చుని, తలెత్తకుండా అంది:

"ఏటి బాబూ, మీకు తెల్దా? మేడమ్ ఎల్లిపోనాది. పదోనాడు కూడా అయిపోనాది."

కబురు పెట్టాలనుకున్నారట. నా కొత్త ఫోను నంబరు మేడమ్ ఊళ్ళో ఎవరి దగ్గరా లేదట. నేను చేపలు తీసుకోకుండానే కదిలాను. ఆ మనిషి వెనక్కి పిలవలేదు. నేను మర్నాడు ఆ తీరానికి వెళ్ళాను. ఆ సంగతి చివర చెబుతాను. ముందు మనిషిని చూపించాలి.

ఆవిడ పేరు రాయను. కాలేజీలోనూ, బజారులోనూ, కవిటి బస్సులోనూ ఆవిడ జువాలజీ మేడమే. రికార్డు పుస్తకం అట్ట మీద పిల్లలు ముచ్చటపడి ఆవిడ పేరు వంకీలు తిప్పి రాస్తే, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "కప్ప బొమ్మ సరిగ్గా వెయ్యి, నా పేరు నాకు తెలుసు" అని రాసేవారు. ఆ కొట్టివేత నాకు వద్దు.

పొట్టి మనిషి. నడిస్తే మడమ ముందు దిగేది, ఇసుకలో పెరిగినవాళ్ళకు దిగినట్టు. కాలేజీ వరండాలో సిమెంటు మీద కూడా అలాగే నడిచేవారు. గేటు దాటగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. ఎండాకాలం కూడా అంతే. కొంగు చివర ఎప్పుడూ చిన్న మూట ఉండేది, అందులో విరిగిన జీడిపప్పు ముక్కలు. పలాస వాళ్ళు జీడిపప్పు అమ్ముతారే గానీ తినరని మా వైపు ఒక మాట. ఆవిడ తినేవారు, ఎవరికీ పెట్టేవారు కాదు.

మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూసే అలవాటు ఆవిడకు లేదు. భుజం చూసేవారు, ముంజేయి చూసేవారు, పిక్క చూసేవారు. బస్సులో పక్క సీటు మనిషి కునుకు తీస్తే అతని మెడ ఎలా వదులవుతోందో చూస్తూ కూర్చుని, దిగవలసిన ఊరు దాటిపోయి తిట్టుకుంటూ వెనక్కి నడిచి వచ్చేవారని కండక్టర్లు నవ్వుతూ చెప్పేవారు. ఆవిడ దగ్గర రెండు తెలుగులు ఉండేవి. పాఠం చెప్పేది ఒకటి. కోపం వచ్చినా, ఆప్యాయత కలిగినా బయటికి వచ్చేది తీరం తెలుగు. ఆ రెండోది వినబడిందంటే ఎదుటివాడు లెక్కలోకి వచ్చినట్టు.

చేపలు పట్టే ఇంట్లో పుట్టి, విశాఖపట్నంలో పెద్ద చదువు చదివి, కండరాల మీద పరిశోధన మొదలుపెట్టి, మధ్యలో ఆపి వచ్చేశారని విన్నాను. ఎందుకు ఆపారో నేను అడగలేదు. అడగకపోవడం కూడా ఒక మర్యాదే.

మా ఇంటి సంగతి నాలుగు మాటల్లో చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. టెక్కలి పక్కన మాకు ఒకప్పుడు ఊళ్ళు ఉండేవి. ఎస్టేట్లు రద్దయినప్పుడు కొన్ని పోయాయి, మిగిలినవి మా నాన్నగారి వ్యాజ్యాల్లో పోయాయి. అందుకు నేను ఏనాడూ తల వంచలేదు. జలంత్రకోట వైపు ఒక కొబ్బరి తోట, అమ్మవారి సంబరంలో మొదటి ఘటం, ఈ రెండూ మాకు మిగిలాయి. సంబరం రోజున పసుపు నీళ్ళూ వేపమండలూ నింపిన కుండను మా ఇంటి వారసుడు నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, మా గుమ్మం నుంచి గుడి దాకా నడవాలి. మధ్యలో దించకూడదు. ఇంకొకరి చెయ్యి ఆసరా తీసుకోకూడదు. మోయలేకపోతే ఆ హక్కు రక్తసంబంధంలో తరవాతివాడికి పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. తరవాతివాడు మా చిన్నతాతగారి మనవడు. పలాసలో జీడి ఫ్యాక్టరీ పెట్టి పైకి వచ్చినవాడు, మంచివాడు. ఘటం మీద అతనికి ఆశ ఉండేది. ఉండడంలో తప్పు కూడా లేదు.

తొంభైల చివర ఒక తుఫాను ఉద్దానం మీదుగా పోయింది. మా తోటలో సగం చెట్లు నేలకూలాయి. పడ్డ మొద్దులు తొలగిస్తుంటే ఒకటి దొర్లి నా ఎడమ తొడ మీదికి వచ్చింది. ఎముక విరిగింది, కండ నలిగింది. బరంపురంలో ఎముక అతికించారు. కట్టు విప్పేసరికి ఎముక నిలిచింది గానీ దాని చుట్టూ ఉండవలసిన తొడ లేదు. కుడి కాలు నాది, ఎడమ కాలు ఎవరో ముసలివాడిది అన్నట్టు ఉండేది. మా తాతగారి వెండిపొన్ను కర్ర పెట్టెలోంచి తీసి పట్టుకు తిరగడం మొదలుపెట్టాను. హోదాకి పట్టుకున్నాననే అందరూ అనుకున్నారు. అలసట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరిని ఆపి యోగక్షేమాలు అడిగేవాణ్ణి. ఆ ఏడు నేను పలకరించినంత మందిని మా వంశంలో ఎవరూ పలకరించి ఉండరు.

కాలేజీ వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. కాలేజీ కట్టిన నేల మా తాతగారిది. ఏటా వేదిక మీద నాకు ఒక కుర్చీ ఉండేది. మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, దండ వేయించుకుని, దిగి వస్తుంటే ఒక పొట్టి మనిషి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. నమస్కారం పెట్టలేదు. నా పంచె కుచ్చిళ్ళ వైపు చూస్తూ అడిగారు:

"బాబుగారూ, ఆ కర్ర హోదాకా, కాలికా?"

హోదాకే అన్నాను.

"అయితే ఇలా ఇవ్వండి, ఒకసారి చూసి ఇచ్చేస్తాను," అని చెయ్యి చాపారు.

ఇవ్వలేకపోయాను. ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే ఉంచి, కట్టు విప్పాక ఆ కాలితో ఏమి చేయించారని అడిగారు. విశ్రాంతి ఇచ్చానన్నాను. అప్పుడు తీరం తెలుగు బయటికి వచ్చింది.

"కట్టులో ఉన్నన్నాళ్ళూ దానికి ఇస్రాంతే కదేటి? ఇంకా ఎన్నాళ్ళు జోల పాడతారు?"

ఘటం సంగతి ఆవిడకు తెలుసు. ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. సంబరం వేసవిలో వస్తుంది, అప్పటికి ఇంకా చలికాలం. మర్నాడు ప్రయోగశాలకు రమ్మన్నారు. నన్ను రమ్మని పిలిచేవాళ్ళు కబురు పంపేవారు, కారు పంపేవారు. ఆవిడ ఒక మాట అని వదిలేశారు. వెళ్ళాను.

సీసాల్లో పాములూ కప్పలూ ఉన్న ఆ గదిలో బల్ల మీద ఒక కొబ్బరి పీచు తాడు ముక్క ఉంది. మా ఉద్దానంలో ఏ దొడ్లో చూసినా దొరికేదే. ఆవిడ దాని పేట విప్పి, ఒక్కో పోగునీ విడదీసి నా ముందు పెట్టారు. కండ కూడా ఇలాంటిదే అన్నారు. ఒక్కో పోగూ ఒక పొడుగాటి కణం. బరువు లాగేది అదే. కానీ దానికి తనను తాను మళ్ళీ పుట్టించుకునే శక్తి లేదు, నలిగితే నలిగినట్టే. అలా అంటూ తాడును బల్ల మీద కొట్టారు. పేటల్లో ఇరుక్కున్న ఇసుక రేణువులు రాలాయి. ఒకదాన్ని వేలి చివర అద్దుకుని చూపించారు.

"కండ పోగుకీ దాని పైపొరకీ మధ్య ఇలాగే అంటుకుని కొన్ని చిన్న కణాలు ఉంటాయి. మూలకణాలు. మామూలు రోజుల్లో ఏ పనీ చెయ్యవు. దెబ్బ తగిలితే లేస్తాయి, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. కొన్ని వెళ్ళి నలిగిన పోగులో కలిసిపోతాయి, దాన్ని నిలబెడతాయి. కొన్ని మళ్ళీ తమ చోటికి వెళ్ళి పడుకుంటాయి, ఇంకో దెబ్బ కోసం."

నా తొడలో అవి అయిపోయి ఉంటాయి అన్నాను. అంత పెద్ద మొద్దు పడింది, వయసూ మీద పడుతోంది.

"వయసుతో తగ్గుతాయి. మొండికేస్తాయి," అన్నారు. తరవాత నా తొడ వైపు చూస్తూ, అక్కడెవరో ఉన్నట్టు గొంతు తగ్గించి, "తొంగున్నాయి. సచ్చిపోనేదు," అన్నారు.

తొంగోవడమంటే మా వైపు పడుకోవడం. ఆ మాట ఆవిడ నోట నేను తరవాత ఎన్ని సందర్భాల్లో విన్నానో. బెంచీ మీద తల వాల్చిన విద్యార్థి గురించి, కరెంటు పోయిన పంకా గురించి, బదిలీ మీద వచ్చి కుర్చీ కదలని ప్రిన్సిపాలు గురించి అదే మాట.

నాకు ఒకటి నచ్చలేదు, అడిగేశాను. ఏళ్ళ తరబడి తన చోటు తాను కాపాడుకున్న కణం, పని పడగానే వెళ్ళి పోగులో కలిసిపోవడమేమిటి? కలిశాక దాని హద్దేది, దాని ఉనికేది? ఆవిడ ఆరోజు మొదటిసారి నా మొహం చూశారు.

"మీరు అడిగేది కండ గురించి కాదు, పెద్దింటి గురించి," అన్నారు. "దాని జవాబు నా సిలబసులో లేదు."

మందు ఏమిటంటే బరువేనన్నారు. ఒక రోజు బరువు, మర్నాడు ఊరుకోవడం. ఊరుకున్నప్పుడే అవి పని చేసుకుంటాయి కాబట్టి అత్యాశకు పోవద్దన్నారు. ఎక్కడ బరువు ఎత్తమంటారంటే, ఎత్తడం వద్దు, లాగమన్నారు.

ఆవిడ ఊరు కవిటి దాటాక సముద్రం ఒడ్డున. మా తోటకు దగ్గర. అక్కడ అలివి వల వేస్తారు. తెప్ప మీద వలను సముద్రంలోకి తీసుకుపోయి, వంపు తిప్పి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. ఊరంతా రెండు వరసలుగా ఆ తాళ్ళు పట్టుకుని, వెనక్కి వాలి, మడమలు ఇసుకలో దించి, వెనక్కి వెనక్కి నడుస్తూ వలను ఒడ్డుకు లాగుతారు. చూసేవాళ్ళకు చేతులు లాగుతున్నట్టు ఉంటుంది. లాగేది తొడలు. మేడమ్ సెలవు రోజుల్లోనూ, కాలేజీ లేని ఉదయాల్లోనూ ఆ తాడు పట్టుకునేవారు. లెక్చరరు తాడు లాగడమేమిటని అక్కడ ఎవరూ అనుకోలేదు. తాడు మీద ఎవరి చోటు వారిది.

లాగుడంతా నడిపించే వల పెద్ద, వరసకి ఆవిడకు మావ. నన్ను చూసి తలగుడ్డ సర్దుకున్నాడు. మేడమ్ ఏదో చెప్పారు, అతను ఊఁ అన్నాడు. నా కర్రను ఇసుకలో గుచ్చేసి, తన వెనక నిలబడమన్నారు.

"నాను జారితే మీరు ఆపాల. మీరు జారితే మీ ఎనక ఎవులూ నేరు, సముద్రాన్ని పిలుసుకోండి."

ఆ రోజు ఎలా లాగానో నేను వర్ణించను. వల ఒడ్డుకు వచ్చేసరికి ఎడమ కాలు నాది కాకుండా పోయింది గానీ పడలేదు. అది చాలు. వలలో కవళ్ళూ నెత్తళ్ళూ మెరుస్తున్నాయి. వల పెద్ద చేపలను వాటాలు చేసి పాళ్ళు వేయడం మొదలుపెట్టాడు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషీ తన తువ్వాలో, కొంగో, పాత చీర ముక్కో ఇసుక మీద పరుస్తాడు, వల పెద్ద అందులో పాలు పోస్తాడు. నేను ఏమీ పరవలేదు. అతను నా పాలు తాటాకు బుట్టలో పోసి నా ముందు పెట్టాడు. నేను ఆ బుట్టను అక్కడే కూర్చున్న ఒక ముసలమ్మ ముందుకు జరిపించి, ఉంచుకోమని సైగ చేశాను. మా ఇంట్లో అలాగే చేస్తారు. చెయ్యి చాచి ఇవ్వడం మాకు తెలుసు.

ముసలమ్మ ఆ బుట్టను ముట్టుకోలేదన్న సంగతి నేను గమనించలేదు.

ఒక రోజు ఆగి మళ్ళీ వెళ్ళాను. వల పెద్ద సముద్రం వైపు చూస్తూ, "తాడు కాళీ నేదు బాబూ," అన్నాడు. తాడు మీద మేడమ్ వెనక ఇద్దరు పట్టేంత ఖాళీ కనబడుతూనే ఉంది. నేను నిలబడి చూసి వచ్చేశాను. తరవాతి సారీ అదే మాట. అప్పుడు మేడమ్ తాడు వదిలి, చెప్పులు చేత్తో పట్టుకుని నాతో తోట దాకా నడిచారు. దారి పొడుగునా తిట్టారు. నన్ను అంత సూటిగా తిట్టిన మనిషి మా అమ్మ తరవాత ఆవిడే.

"ఆ పాలు మావ ఇచ్చింది కాదు, సముద్రం ఇచ్చింది. మీరు దాన్ని అక్కడే దానం సేసేరు. అంటే పక్కనున్నోళ్ళకి ఏటి సెప్పినట్టు? మీరు తిండికి లాగుతన్నారు, నాను సరదాకి లాగేను అని. సరదాకి సెయ్యి ఏసినోడి తాడు తెగుతాదని మావోళ్ళ నమ్మకం. ఇంటికి అట్టుకెళ్ళి మీ కుక్కకెయ్యండి, ఎవులకీ పని నేదు. ఇసక మీద మాత్రం మీ గుడ్డ మీరే పరవాల."

ఎవరి ముందూ గుడ్డ పరిచే వంశంలో నేను పుట్టలేదని చెప్పాను. కోపంతో అనలేదు, ఉన్న మాట చెప్పాను.

ఆవిడ ఆగి, నా ఎడమ తొడ వైపు చూశారు.

"అయితే ఘటం కూడా ఆ వంశాన్నే మొయ్యమనండి. కాలితో పనేటి?"

వెనుదిరిగి వెళ్ళిపోయారు. మడమ ముందు దిగే ఆ నడక తోట చివర దాకా కనబడింది.

రెండు రోజులు నేను తోటలో కూర్చుని కూలిన చెట్ల మధ్య కొత్త మొక్కలు నాటించాను. ఆలోచించాను అనడం ఎక్కువ. సంబరం దగ్గరపడుతోంది. కర్ర లేకుండా బావి దాకా నడిచి చూశాను. బావి చేరాను, తిరిగి రావడానికి మాత్రం గట్టు పట్టుకున్నాను. మూడో రోజు వెళ్ళాను. వల ఇంకా సముద్రంలోనే ఉంది. అందరూ తాళ్ళ కొసల కోసం చూస్తున్నారు. పాళ్ళు వేసే చోట ఇసుక ఖాళీగా ఉంది. భుజం మీద జరీ అంచు కండువా తీసి, దులిపి, ఆ ఇసుక మీద పరిచాను. నాలుగు మూలలా నాలుగు పిడికిళ్ళ ఇసుక పోశాను, గాలికి లేవకుండా. తరవాత చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వల పెద్ద కండువాను చూశాడు, నన్ను చూశాడు. తాడు కొస అందుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"జరీలోకి పొలుసు దూరితే ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన పోదు బాబూ," అన్నాడు.

"మా చాకలి చూసుకుంటాడు," అన్నాను.

"మీకింకా సాకలున్నాడేటి?" అంది వరసలోంచి ఒక గొంతు. తాడంతా నవ్వింది. మేడమ్ కూడా. నేను నవ్వలేదు గానీ, నాకు కోపం రాలేదు.

ఆ చలికాలమూ, దాని వెంబడి వచ్చిన ఎండలూ అలా గడిచాయి. మేడమ్ దగ్గర వల అల్లే దారం ముక్క ఒకటి ఉండేది. అప్పుడప్పుడు దాన్ని నా చేతికిచ్చి, తొడకు చుట్టి ఎక్కడ కలిసిందో అక్కడ ముడి వేసి తెమ్మనేవారు. ముడులు ఒకదాన్ని దాటి ఒకటి జరుగుతూ వచ్చాయి. ఆవిడ వాటిని వేళ్ళతో తడిమి, కొంగులో జీడిపప్పు పక్కన దాచుకునేవారు. కలిసిన ప్రతిసారీ ముందడిగేది ఒకటే.

"పట్టేసిందా? నొప్పుందా?"

ఉందంటే, కణాలు మేలుకున్నాయన్నట్టు, "లేచేయి," అని తల ఊపేవారు. లేదంటే ఆ రోజు తాడు మీద నన్ను ముందుకు నిలబెట్టేవారు, బరువు ఎక్కువ పడే చోట.

సంబరం వచ్చింది. ఘటం ఎత్తే ముందు తలమీద గుడ్డ చుట్ట పెడతారు. కొత్త పట్టుగుడ్డ తెచ్చారు. నేను వద్దని, ఆ జరీ కండువానే చుట్టి పెట్టించుకున్నాను. పూజారి ముక్కు చిట్లించాడు. మా అమ్మవారు సముద్రం గాలి పీల్చే అమ్మవారు, ఆవిడకు ఆ వాసన కొత్త కాదని చెప్పాను.

తరవాతి హక్కుదారు తలస్నానం చేసి, తడి బట్టతో, చెప్పులు లేకుండా ఘటం పక్కన నడవాలి. అది పద్ధతి. మా చిన్నతాతగారి మనవడు, వరసకి నాకు తమ్ముడు, అలాగే నడిచాడు. డప్పులు మోగుతున్నాయి. వీధి వీధికీ కుండ బరువు పెరిగింది. గుడి ముందు ఎత్తు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఎడమ తొడ వణకడం మొదలుపెట్టింది. పైన కుండలో నీళ్ళు కదిలి నా మెడ మీద పడ్డాయి. తమ్ముడు చూశాడు.

"అన్నయ్యా, ఇబ్బందైతే చెప్పు," అన్నాడు. అతని గొంతులో ఆత్రం లేదు, నిజమైన కంగారే.

"నువ్వు నడుస్తూ ఉండు నాయనా," అన్నాను.

కొబ్బరికాయలు అమ్మే చోట గుంపులో మేడమ్ కనబడ్డారు. అందరూ ఘటానికి చేతులు జోడిస్తున్నారు. ఆవిడ ఒక్కరూ తడిసిన పంచె కింద నా తొడనే చూస్తున్నారు. నేను చూశానని తెలిసి, చెప్పులు లేని పాదం ఎత్తి, మడమను నేలలోకి గట్టిగా దించారు, తాడు మీద దించినట్టు. నేనూ దించాను. వణుకు ఆగలేదు. వణుకుతూనే ఆ కాలు మోసింది. ఎత్తు ఎక్కాను, గుడి చేరాను, కుండ దించాను. మొదటి ఘటం మా ఇంట్లోనే ఉంది.

ఆ సాయంత్రం మేడమ్ మా ఇంటికి వచ్చి ప్రసాదం తీసుకుని, గుమ్మంలోనే నిలబడి, "ఎల్లుండి మళ్ళీ రండి. ఇంతటితో ఒగ్గేత్తే మళ్ళీ తొంగుంటాయి," అన్నారు. అభినందన అదే. నేను తాడు ఒగ్గలేదు. తోటలో ఉన్న ప్రతి కాలంలోనూ తాడు మీద ఆవిడ వెనక నా చోటు నాకు ఉంటూ వచ్చింది.

ఇంకొక్క దృశ్యం చెప్పాలి. మూలకణాల మాట పత్రికల్లో బాగా వినబడుతున్న రోజుల్లో పట్నం నుంచి ఒకాయన రంగు కాగితాలతో కాశీబుగ్గ వచ్చి సభ పెట్టాడు. మూలకణాల సూది ఒకటి వేస్తే మోకాలు, గుండె, కిడ్నీ, ఏదైనా కొత్తది మొలుస్తుందన్నాడు. కవిటి వైపు నుంచి కిడ్నీ జబ్బుల ఇళ్ళవాళ్ళు చాలామంది వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. మేడమ్ లేచారు. ఏ కణాలు, ఎక్కడ నుంచి తీసినవి, లోపలికి వెళ్ళాక ఏ చోటు పట్టుకుని ఉంటాయి, వాటిని ఎవరు లేపుతారు, ఎవరు ఆపుతారు అని వరసగా అడిగారు. ఆయన నవ్వి, సైన్సు చాలా ముందుకు వెళ్ళిపోయింది మేడమ్ అన్నాడు.

"సైన్సు ఎల్తాది. మీరు దానికన్నా ముందెల్లిపోయేరు," అన్నారు.

జనం లేచిపోయారు. బయటికి వచ్చాక ఆవిడ మొహంలో గెలిచిన కళ లేదు. నిజమైన వైద్యం ఏనాటికో వస్తుందనీ, ఆ రోజున ఇలాంటివాడి మాటలు గుర్తొచ్చి మనవాళ్ళు నమ్మరనీ, అదే తన బాధ అనీ చెప్పారు. ఆ రోజు కొంగు విప్పి నాకు జీడిపప్పు ముక్కలు పెట్టారు. అది మొదటిసారి, చివరిసారి.

తరవాత ఆ కిడ్నీ జబ్బు ఆవిడకే వచ్చింది. మా ఉద్దానంలో అది ఫలానా ఇంటికి వచ్చిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కిందటేడు చివరిసారి తాడు మీద చూశాను. నడక అదే, మడమ ముందు దిగేది, కానీ ఇసుకలో గుంట పడేది కాదు. జబ్బలు సన్నబడ్డాయి. నా ముడుల దారాన్నే తన జబ్బకు చుట్టి, వెనక్కి వెనక్కి ముడులు వేసుకుంటున్నారు. చూపించి, "ఇదీ పాఠమే," అన్నారు. రక్తం శుభ్రంగా లేకపోతే ఈ కణాలకు పిలుపు సరిగా అందదట, అందినా బలంగా లేవలేవట. అలాంటప్పుడు విశ్రాంతి తీసుకోవచ్చు కదా అన్నాను. ఆ మాట ఆవిడతో అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అనకూడనివాణ్ణీ నేనే.

"పిలుత్తాను. లేత్తే లేత్తాయి. పిలవకపోతే అదేం మర్యాద బాబూ?" అన్నారు.

వల పెద్ద ఆ రోజు ఆవిడ పాలు ఎప్పటిలాగే పోశాడు. ఎక్కువా పోయలేదు, తక్కువా పోయలేదు. ఆవిడ పాత చీర ముక్క పరిచి, మూట కట్టుకుని, చంకన పెట్టుకుని వెళ్ళారు. మోయడానికి నేను చెయ్యి చాపలేదు. అంత మాత్రం నేర్చుకున్నాను.

బజారులో కబురు విన్న మర్నాడు పొద్దున్నే నేను ఆ ఊరు చేరేసరికి తెప్ప తిరిగి వస్తోంది. ఇంటికి వెళ్ళి పలకరించాలా, ఇక్కడే ఉండాలా అని ఒక్క నిమిషం ఆగాను. పదోనాడు దాటాక ఇంటి పలకరింపు మా పద్ధతి కాదు. పాళ్ళు వేసే చోటికి వెళ్ళి కండువా పరిచాను. జరీ ఎప్పుడో పోయింది, అంచు మాత్రం ఉంది. తాళ్ళు ఒడ్డుకు వచ్చాయి. ఎవరి చోట్లలో వాళ్ళు పట్టుకున్నారు. నేను నా చోటులో నిలబడ్డాను. నా ముందు ఒక మనిషి పట్టేంత తాడు ఖాళీగా ఉంది. అవతల ఒక ఆడమనిషి వీపు కనబడుతోంది. అంత దగ్గరగా ఆ వీపును నేను ఎన్నడూ చూసి ఉండలేదు, మధ్యలో మేడమ్ ఉండేవారు కాబట్టి.

వల పెద్ద ముసలివాడైపోయాడు. తాడు వెంట నడుచుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"ముందుకి జరగండి బాబూ. తాడు మీద కాళీ ఉంచకూడదు. ఎనకున్నోడిదే ఆ సోటు."

నేను అడుగు ముందుకు వేశాను. ఎడమ కాలే ముందు పడింది. ఆవిడ నిలబడే చోట ఇసుకలో మడమలు దించి, వెనక్కి వాలాను. నా వెనక ఎవరో వచ్చి నా పాత చోటు పట్టుకున్నారు. తల తిప్పి చూడలేదు. వల బరువుగా వచ్చింది. పాళ్ళు వేసినప్పుడు నా కండువాలో నెత్తళ్ళు పడ్డాయి, అందరితో సమానంగా. నాలుగు మూలలూ కలిపి ముడి వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు ఉదయం మంచం దిగబోతే ఎడమ తొడ పట్టేసి ఉంది. గోడ పట్టుకోకుండా నిలబడ్డాను. లేచేయి.